హద్దు నడక

ఈ రాయి నేను అనుకున్నంత బరువు లేదు, మట్టిగడ్డే ఎక్కువ బరువుగా ఉంది. రాయి నిన్నటి నుంచీ మరాష్ గుమ్మం ముందు ఎండలో పడి ఉంది కాబట్టి పొడిగా, మర్యాదగా భుజం మీద కూర్చుంది. మట్టిగడ్డను మాత్రం ఇప్పుడే పారతో పెళ్ళగించి, వానకి నానిన గడ్డివేళ్ళతో సహా తెచ్చి నా మెడ పక్కన పెట్టారు, దాని నీళ్ళు చొక్కాలోకి దిగి వెన్నుపూసల్ని ఒక్కొక్కటిగా తడుముతున్నాయి. డెబ్బై రెండేళ్ళ వెన్ను, ఏ పూస ఎక్కడుందో వాటికైనా తెలిస్తే బాగుండు. ప్రమాణం అయిపోయింది. మరాష్ ఒక్కో మాటా అందించాడు, నేను ఒక్కో మాటా అనేశాను: ఈ బరువు సాక్షిగా మా పెద్దలు నడిచిన చోటే నడుస్తాను, అడుగు తప్పు వేస్తే ఈ రాయీ ఈ మట్టీ పైలోకంలో కూడా నా మెడ మీదే ఉండిపోవాలి. ఇక వెనక్కి తీసుకునే వీల్లేదు. కింద వాగు గట్టున పాత హద్దు రాయి ఉంది, దాని మీద ఎవరికీ పేచీ లేదు. పైన కొండ అంచున ఇంకొకటుంది, దాని మీదా లేదు. మధ్యలో ఉన్న మూడు వందల అంగలే నావి. నాకు ఎడమ పక్కన మా తమ్ముడి కొడుకు జ్యోన్ భూమి, కుడి పక్కన పాష్క్ భూమి, నడిమధ్యన ఊట. ఊటకి కుడిగా నడిస్తే ఊట మాది. ఎడమగా నడిస్తే పాష్క్‌ది. ఊట పక్కన ఎక్కడ రాయి దించుతానో అదే హద్దు, మనవళ్ళ మనవళ్ళ దాకా.

వెనక జనం వస్తున్నారు, వెనక్కి తిరగకపోయినా ఎవరెవరో తెలుస్తూనే ఉంది. కర్ర చప్పుడు మరాష్‌ది, ఎనభై దాటినా ఊరి పెద్దరికం వదలనివాడు, జనాన్ని నవ్వించకుండా తీర్పు చెప్పడం చేతకానివాడు. "వుక్సానూ, దారిలో ఎలుగుబంటి ఎదురొస్తే పక్కకి జరగమను, నీ చుట్టమేగా!" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, రాయి కొంచెం జారింది, సర్దుకున్నాను. నవ్వరా మరి. ఈ లోయలో నా మాట విని నిజమనుకున్న మనిషి ఒక్కడూ లేడు. నా టోపీ వాగులో పడితే చేప ఒకటి దాన్ని పెట్టుకుని మూడేళ్ళు తిరిగిందని చెప్పాను. మా మేక ఇటలీ అధికారిని వాళ్ళ భాషలోనే తిట్టి జైలుకి పోయిందని చెప్పాను, ఎవరైనా కాదంటే మేక సంతకం చూపిస్తానని కూడా చెప్పాను. అందుకే పది రోజుల కింద, మొన్నమొన్నటిదాకా గోదాముగా ఉన్న మా చర్చి ముంగిట పంచాయితీ కూర్చున్నప్పుడు, పాష్క్ లేచి నా పేరు చెప్పగానే నవ్వు ఆగలేదు. ఫిర్యాదు చేసినవాడు ఎదుటి ఇంట్లోంచి తనకు నచ్చిన మనిషిని ఎంచుకుంటాడు, ఆ మనిషి రాయి మొయ్యాలి, అది తాతల నాటి కానూను. "అన్ని అబద్ధాలు ఆడిన వాడిచేత మోయిస్తావా, పాష్క్?" అని మరాష్ అడిగితే, పాష్క్ మీసం కూడా కదపకుండా అన్నాడు: "నోటితో ఆడాడు. భుజంతో ఎప్పుడూ ఆడలేదు. డెబ్బై రెండేళ్ళుగా ఒక్క ప్రమాణం కూడా చెయ్యకుండా దాచుకున్నాడు, కొత్తదిగానే ఉంటది." ఆ మాట మీద ఎవరూ నవ్వలేదు. పైగా ఇటలీ వాళ్ళు వచ్చిన మరుసటేడు ఈ హద్దు వేసినప్పుడు అక్కడున్న వాళ్ళలో బతికున్నది నేనొక్కణ్ణే. జ్యోన్ అయితే ఇంటికొచ్చి చంకలు గుద్దుకున్నాడు. "పాష్క్‌కి మతి పోయింది పెద్నాన్నా! మనింటి మనిషినే అడిగాడు, అదీ ఎలుగుబంటి కథ చెప్పినవాణ్ణే!" వాడి భార్య మ్రికా ఆ రోజు నా మొక్కజొన్న రొట్టె మీద రెండు వేళ్ళ మందాన వెన్న రాసింది. ఆ వెన్న ఇంకా గొంతులోనే ఉంది.

ఇక్కడ నేల మెత్తగా ఉంది, అడుగు చూసి వెయ్యాలి. మరాష్ కర్ర వెనక పిచిక్ పిచిక్ మంటున్నవి ఇంజనీరు బూట్లు. స్కెందర్ గారు, ష్కోడ్రా పట్నం మనిషి, యాభై ఏళ్ళవాడు, కొత్త ప్రభుత్వం కొత్త చట్టంతో పంపితే పటం చుట్ట చంకన పెట్టుకుని వచ్చాడు. ఆయన చట్టం ప్రకారం సహకార సంఘం భూమి మనిషికింత అని తలలు లెక్కపెట్టి పంచాలి. మంచి చట్టమే, కాదనను, టిరానాలో చదువుకున్నవాళ్ళు కూర్చుని రాసింది. కాకపోతే ఈ కొండల్లో ఎవరి తాత ఎక్కడ దున్నాడో వాళ్ళు అక్కడికే పోయి నిలబడ్డారు, ఆయన తలలు లెక్కపెడుతుంటే తలలన్నీ తాతల గట్ల మీదున్నాయి. మా ఊట దగ్గరికి వచ్చి పటం మీద గీత గీసి, "ఊట చెరి సగం రాశాను, ఇక గొడవేముంది?" అన్నాడు పాపం. మ్రికా చేతులు తుడుచుకుంటూ వచ్చి, "పైసగం మాకు రాయండి సారూ, కిందసగం బురద వాళ్ళకివ్వండి" అంది. పాష్క్ భార్య గట్టు అవతలి నుంచి, "వానాకాలం సగం మీరు తీసుకోండే, ఎండాకాలం సగం మాకు చాలు" అంది. నెల రోజుల్లో రెండిళ్ళూ కలిసి నవ్వింది అప్పుడే. నిన్న మా ఇంట్లో భోజనం చేస్తూ, సారా రెండో గ్లాసు మీద ఆయన నన్ను నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు, వెక్కిరింపు కాదు: "తాతా, ముసలాయన ఒకడు రాయి మోస్తే అది రుజువెలా అవుతుంది?" "మీ జడ్జీ గారు ఎత్తు కుర్చీలో కూర్చుంటే ఎలా అవుతుందయ్యా?" "కుర్చీ వల్ల కాదు, అందరూ దానికి లోబడతామని ఒప్పుకున్నారు కనక." "మరి మేమూ అంతేగా. సరే, మీ జడ్జీ తప్పు చెబితే ఆ బరువు మోసేదెవరు?" ఆయన గ్లాసులోకి చూశాడు. "అప్పీలు ఉంది" అన్నాడు. చిన్నగా అన్నాడు, ఎందుకంటే ఆయనా ఈ అల్బేనియాలోనే పుట్టి పెరిగాడు, ఇన్నేళ్ళూ ఎవరి అప్పీలు ఎక్కడిదాకా పోయిందో ఆయనకీ తెలుసు.

నాకు బాగా తెలుసు. మా తమ్ముడు దోదా అప్పీలు సినిమా హాలు గుమ్మం కూడా దాటలేదు. విచారణ అక్కడే జరిగింది, జిల్లా కేంద్రంలో, తెర ముందు మూడు బల్లలు వేసి, ఊరూరి నుంచీ జనాన్ని లారీల్లో తెచ్చి కూర్చోబెట్టి. సంఘం మేకలు రెండు పోయాయి, కాపరి మా తమ్ముడు, కాబట్టి వాడే అమ్ముకున్నాడని కాగితం మీద రాసి ఉంది. దోదా లేచి, "నాకు రాయి ఇవ్వండి" అన్నాడు. జడ్జీకి అర్థం కాలేదు. "రాయి ఇవ్వండయ్యా, మట్టి ఇవ్వండి, మోసి చెబుతాను, నేను తీసుకోలేదు." జడ్జీ పక్కవాడితో ఏదో అని నవ్వి, "ఇది కోర్టు, క్వారీ కాదు" అన్నాడు. ఆ జోకు బాగుందని అప్పుడే అనిపించింది నాకు, అదే నా ఖర్మ, ఎవడు బాగా చెప్పినా బాగుందనిపిస్తుంది. ఆరేళ్ళు వేశారు. మూడో ఏట జైలు గనిలో పోయాడు. వాణ్ణి తీసుకుపోయినప్పుడు జ్యోన్‌కి ఆరేళ్ళు. మొదటి చలికాలం అంతా వాడు రోజూ ఒకటే అడిగేవాడు, నాన్న ఎప్పుడొస్తాడు, నాన్న ఎప్పుడొస్తాడు, నా దగ్గర దానికి జవాబు లేదు, అందుకని ఎలుగుబంటిని ఇచ్చాను. మీ తాత, ఉందే చూడు ఆ ఊట, అక్కడ ఎలుగుబంటితో కుస్తీ పట్టాడు, పొద్దున పాలు పితికే వేళ మొదలెడితే సాయంత్రం పాలు పితికే వేళ దాకా, ఇద్దరూ పడలేదు, ఇద్దరికీ దాహం. అప్పుడు మీ తాత అన్నాడు, ఎవడు ముందు నీళ్ళు తాగితే వాడు ఓడినట్టు. ఎలుగుబంటికి ఓర్పెక్కడిది, మూతి పెట్టేసింది. అంతే, ఊట మనది. మీ తాత ఊటకి కుడిపక్కన హద్దు రాయి పాతేశాడు, ఓడిపోయిన ఎలుగుబంటి తలొంచుకుని పాష్క్ వాళ్ళ వైపు పోయింది, అందుకే చూడు వాళ్ళింట్లో అందరికీ చేతుల మీద అంత జుట్టు. వాడు నవ్వి నిద్రపోయేవాడు. మర్నాడు మళ్ళీ చెప్పమనేవాడు. చెప్పినప్పుడల్లా ఎలుగుబంటి కొంచెం పెరిగేది, హద్దు రాయి మాత్రం అక్కడే ఉండేది. తప్పేముంది? భూమంతా సంఘానిది, హద్దు రాళ్ళన్నీ పీకి పశువుల కొట్టానికి పునాది వేశారు. హద్దులే లేని కాలంలో హద్దు గురించి అబద్ధం చెబితే ఎవరి గట్టు కదులుతుంది?

కదిలింది, ఇదిగో. సంఘం కూలిన మర్నాడే జ్యోన్ దేశం సరిహద్దు దగ్గర పీకేసిన ముళ్ళతీగ చుట్ట ఒకటి గాడిద మీద వేసుకొచ్చి, ఊటకి కుడిపక్కన గుంజలు పాతి తీగ కట్టేశాడు. పాష్క్ వచ్చి, "ఏం చేస్తన్నావు?" అంటే, "మా తాత హద్దు" అన్నాడు. పంచాయితీలో నా వైపు తిరిగి, "నువ్వు చెప్పిందేగా పెద్నాన్నా?" అన్నాడు. చెప్పాను, అన్నాను. చెప్పిన మాట నిజమే కదా. అంతమంది ముందు, ముప్పై ఏళ్ళ వాడి మొహం చూస్తూ, ఎలుగుబంటి లేదురా అని ఎలా అంటాను? ఊట లేకపోతే వాడి మొక్కజొన్నకి వాగు నుంచి నీళ్ళు మొయ్యాలి, జూలై ఎండలకి వాగే ఉండదు, ఊట లేకపోతే ఈ కొండెందుకు, పట్నం పోదాం అని మ్రికా ఒకసారి గోడకేసి చెప్పినట్టుగా అంది, నేను విన్నాను. వాళ్ళు పోతే నేనూ పోవాలి, లేదా ఒక్కణ్ణే ఉండాలి, చేపలకి కథలు చెప్పుకుంటూ.

అదిగో, ఊట చప్పుడు వినిపిస్తోంది. ఇంకో డెబ్బై అంగలుంటుందేమో. ఇప్పుడైనా ఒక మాట ఒప్పుకోవాలి, రాయికైనా చెప్పాలి: నాకు గుర్తు లేదు. బతికున్న ఒకే ఒక్క సాక్షిని, నాకు గుర్తు లేదు. హద్దు వేసిన రోజు నాకు ఇరవై ఏళ్ళు. మా నాన్న ఉన్నాడు, పాష్క్ వాళ్ళ తాత ఉన్నాడు, ఒంటికన్ను పెద్దమనిషి ఎవరో పక్క ఊరి నుంచి వచ్చి రాయి మోశాడు, అంతా నిజం. నేను మాత్రం రాయిని చూడలేదు. పాష్క్ వాళ్ళ మేనత్త, అప్పటికి పెళ్ళి కానిది, పనివాళ్ళకి రొట్టెలు తెచ్చింది, నేను ఆ పిల్లను చూస్తున్నాను. నీలం అంచు ముసుగు, చేతిలో గంప, గంప మీద తువ్వాలు, తువ్వాలు కింద వేడి, అన్నీ ఇప్పటికీ కళ్ళముందున్నాయి, హద్దు తప్ప. రాయి దించేటప్పుడు అందరూ ఊట వైపు చూశారు, నేను గంప వైపు చూశాను. ఆ తర్వాత ఆ చోట నేను పెట్టింది ఎలుగుబంటిని. ఎన్నిసార్లు చెప్పానంటే ఇప్పుడు కళ్ళు మూసుకుంటే మా నాన్న దాని మెడ పట్టుకుని ఉండడం కనిపిస్తుంది, దాని మూతి తడి కనిపిస్తుంది, రాయి కుడిపక్కనే కనిపిస్తుంది, ప్రమాణపూర్వకంగా కనిపిస్తుంది. నేను కుడిగా నడిస్తే కూడా అబద్ధం ఆడినట్టు కాదేమో, గుర్తున్నట్టే నడిచినట్టు. భుజానికి తెలుసా అది అబద్ధమని? భుజం నొప్పి పెడుతోంది, అంతే, నొప్పి ఎటూ చూపించదు. మట్టిగడ్డ కరిగి ఒక ముక్క కింద పడింది. వెనకెవరో ఆగి దాన్ని దాటుకుని వచ్చారు, తొక్కకుండా.

కథలన్నీ పక్కన పెట్టు వుక్సానూ. నువ్వు ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది ఏదైనా ఉందా ఈ ఊట గురించి? చెప్పడానికి ఏమీ లేక, నవ్వు లేక, ఎలుగుబంటి లేక చెప్పనిది? చలి. చెక్కపీపా. అమ్మ పీపాను తాడుతో వీపుకి కట్టుకుని ఈ దారినే ఎక్కేది, నేను వెనకే రెండోది మోసేవాణ్ణి, ఇంకా వెలుగు సరిగ్గా రాకముందే. ఊట దగ్గర ఆగి, పీపా దించకుండానే, పాష్క్ వాళ్ళ ఇంటి వైపు మొహం పెట్టి కేకేసేది: "ఓ ప్రేనా! రెండు పీపాలు పట్టుకుంటన్నానే!" పైనుంచి పాష్క్ నాయనమ్మ గొంతు, నిద్ర మత్తులోనే, "పట్టుకోవే తల్లీ, రోజూ అడగాలా!" ప్రతిరోజూ. రోజూ అడగాలా అని ఆవిడ అనడం మానలేదు, అమ్మ అడగడం మానలేదు. ఒకరోజు ప్రేనా ఇంట లేదు, పొలం పోయినట్టుంది, జవాబు రాలేదు. అమ్మ నిలబడింది. నా పళ్ళు టకటకలాడుతున్నాయి, పట్టుకుపోదామే అన్నాను. "జవాబు రానీ" అంది. ఎవరో మగగొంతు వినిపించేదాకా నిలబడింది. నేను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎందుకు చెప్పాలి, ఇందులో కథేముంది, ఒక ఆడమనిషి నీళ్ళు అడిగింది, వాళ్ళు ఇచ్చారు. సొంత నీళ్ళని ఎవరూ అడిగి పట్టుకోరు.

ఇక నడక తేలికైంది అంటే అది నా పాత అలవాటు మాట్లాడినట్టు. తేలిక కాలేదు. జ్యోన్ నాకు కుడిపక్కన కొంచెం వెనకగా వస్తున్నాడు, వాడి ఊపిరి నాకు తెలుసు, జ్వరం వచ్చిన రాత్రులన్నీ ఆ ఊపిరి పక్కనే కూర్చున్నవాణ్ణి. జునిపర్ పొద దగ్గర దారి చీలింది. కుడిగా ముళ్ళతీగ, వాడు నా కోసం తీగ పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు, వంగి దాటడానికి వీలుగా. నేను ఎడమకి తిరిగాను.

వాడి చేతిలోంచి తీగ జారి టంగుమన్నది, అంతే. ఊటకి ఎడమగా, నాలుగు అంగల దూరంలో, మోకాళ్ళ మీద కూర్చుని రాయి దించాను. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు కాబట్టి వెయ్యలేదు. మట్టిని రాయి చుట్టూ చేత్తో అదిమాను. పాష్క్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, గెలిచినవాడి మొహంలా లేదు, పళ్ళు పీకించుకుని వచ్చినవాడిలా ఉన్నాడు. ఇంజనీరు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, "ఒక్క మాట. పాత హద్దు రాయి కింద మూడు చిన్న సాక్షి రాళ్ళు పాతేవాళ్ళటగా, పై రాయి పీకినా అవి నేలలోనే ఉంటాయి. రెండు పారల మట్టి తీస్తే తేలిపోతుంది" అన్నాడు. అందరూ ఆయన వైపు, పెళ్ళికూతురి ముసుగు అక్కడే ఎత్తి చూపించమన్న మనిషిని చూసినట్టు చూశారు. "తవ్వి చూసేదైతే సారూ" అన్నాడు మరాష్, "ముసలోడి భుజం ఎందుకు పుండు చేయించాం?" ఇంజనీరు కాసేపు ఆ నేలను చూశాడు. పారలు నాలుగున్నాయి అక్కడ. ఒక్కటీ కదల్లేదు. ఆయన కాగితం తీసి, "ఆధారం అని ఒక గడి ఉంది, ఇక్కడ ఏం రాయను?" అన్నాడు. "వుక్సాన్ అని రాయండి" అన్నాడు మరాష్. రాశాడు, నా పేరు స్పెల్లింగు అడిగి మరీ రాశాడు.

తర్వాత ఆయన జ్యోన్ దగ్గరికి వెళ్ళాడు. గొంతు తగ్గించాడు కానీ నాకు వినిపించింది, వినిపించాలనే అన్నాడేమో. "చూడు బాబూ, నా పటం ప్రకారం సగం నీదే. పదిహేను రోజుల్లో జిల్లా కోర్టులో వెయ్యొచ్చు. నువ్వు గెలుస్తావు. ఇది నీ హక్కు, నీకు చెప్పడం నా ధర్మం." నేను నేల మీదే ఉన్నాను. లేవడానికి రెండుసార్లు చూశాను, కాళ్ళు రాలేదు. ఆ పదిహేను రోజులు అక్కడ గాలిలో నిలబడి ఉన్నాయి, పట్టుకుంటే దొరికేటంత దగ్గర్లో, ఊట పక్కనే పారుతోంది, వాడు దాన్నే చూస్తున్నాడు. వాడు కోర్టుకి పోతే తప్పు లేదు. పోతే ఈ లోయలో నా భుజానికీ నా నోటికీ తేడా లేనట్టు, అంతే.

"మా నాన్న అడిగితే రాయి ఇవ్వలేదు సారూ" అన్నాడు జ్యోన్. "నాకు అడక్కుండానే ఇచ్చారు."

ఇంజనీరు పటం చుట్టుకున్నాడు. జనం కదిలారు. జ్యోన్ నా దగ్గరికి వచ్చి చంకల కింద చేతులు పెట్టి ఒక్క ఊపులో లేపాడు, అంత కోపంగా ఎవరూ నన్ను ఎప్పుడూ లేపలేదు, అంత జాగ్రత్తగా కూడా. నా మెడ మీది మట్టి తుడిచాడు.

"ఎలుగుబంటి లేదని నాకు పదేళ్ళప్పుడే తెలుసు పెద్నాన్నా" అన్నాడు. "ఊట మాత్రం మనదే అనుకున్నా."

జవాబు కోసం చూడకుండా వెళ్ళి మొదటి గుంజ పట్టుకుని ఊపడం మొదలెట్టాడు. అది బాగా లోతుగా దిగింది, వాడే పాతాడు కదా, వదులు కావడానికి చాలాసేపు పట్టింది. ఇంకా పన్నెండు ఉన్నాయి. పాష్క్ చెయ్యి వెయ్యబోతే వద్దన్నాడు. వాడు వద్దన్నా వినకుండా నేను తీగ కొస పట్టుకుని చుట్టసాగాను.